టై-ఇన్ వెల్డ్‌లో 3 మి.మీ. లోపం: రెండు గర్త్ వెల్డ్‌ల అంచనా, ఒక కోత

పిగ్ (పైపు లోపలంతా ప్రయాణిస్తూ లోపాలు వెతికే పరికరం) రన్ రిపోర్ట్ రాగానే గర్త్ వెల్డ్ (రెండు పైపుల చివరలను చుట్టూ కలిపే వెల్డ్) లోపాలను లోతు ప్రకారం పేర్చి, పైనుంచి ఒక్కొక్కటే తవ్వుకుంటూ రావడం చాలా లైన్లలో అలవాటుగా నడుస్తున్న పద్ధతి. తుప్పు గుంటల విషయంలో అది బాగానే పనిచేస్తుంది. ప్రెషర్ అన్నిచోట్లా దాదాపు ఒకటే కాబట్టి ఎక్కడ లోహం ఎక్కువ తగ్గిందో అక్కడే ముప్పు ఎక్కువ. గర్త్ వెల్డ్‌కు ఆ లెక్క కుదరదు. దాన్ని విడదీసేది పైపు పొడవునా లాగే బలం. ఆ బలం ఒక వెల్డ్‌కూ ఇంకో వెల్డ్‌కూ రెండు మూడు రెట్లు తేడాగా ఉండొచ్చు. ఈ కేసులో అదే జరిగింది. జాబితాలో పైన ఉన్న లోతైన లోపాన్ని లైన్‌లోనే వదిలేశాం. ఎక్కడో కింద ఉన్న చిన్న లోపాన్ని కోసి తీశాం.

లైన్ సంగతి

24 అంగుళాల (610 మి.మీ.) సహజవాయువు లైన్. ఏపీఐ 5ఎల్ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ లైన్‌పైపు ప్రమాణం) ఎక్స్65 గ్రేడ్ పైపు, గోడ మందం 9.53 మి.మీ., అనుమతించిన గరిష్ఠ ప్రెషర్ 92 బార్. ఆ ప్రెషర్ దగ్గర హూప్ స్ట్రెస్ (గోడను చుట్టుకొలత దిశలో లాగే స్ట్రెస్) సుమారు 294 ఎంపీఏ (మెగాపాస్కల్), అంటే కనీస ఈల్డ్ (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్థాయి) 450 ఎంపీఏలో 65 శాతం. 1990లలో వేసిన లైన్ ఇది. గర్త్ వెల్డ్‌లన్నీ సెల్యులోజిక్ ఎలక్ట్రోడ్లతో, పైనుంచి కిందికి దిగే చేతి వెల్డింగ్‌తో చేసినవే. ఆ కాలపు వెల్డింగ్ ప్రొసీజర్ రికార్డుల్లో టెన్సైల్, నిక్-బ్రేక్, బెండ్ పరీక్షల ఫలితాలున్నాయి, చార్పీ (దెబ్బకు లోహం ఎంత తట్టుకుంటుందో చెప్పే పరీక్ష) లేదు. పైప్‌లైన్ వెల్డింగ్ ప్రమాణమైన ఏపీఐ 1104 ప్రధాన భాగం గర్త్ వెల్డ్‌కు చార్పీని తప్పనిసరి చేయదు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. కానీ పాత లైన్ వెల్డ్‌ను అంచనా వేయడానికి కూర్చున్న ప్రతి ఇంజినీరుకూ మొదట ఎదురయ్యే ఖాళీ ఇదే.

పిగ్ మీద ఎంఎఫ్ఎల్ సెన్సర్లతో (గోడలోకి అయస్కాంత క్షేత్రం పంపి, లోహం తగ్గిన చోట అది బయటికి కారడాన్ని పట్టుకునేవి) పాటు క్యాలిపర్ (పైపు లోపలి ఆకారం కొలిచేది), ఐఎంయూ (పైపు వెళ్లే దారిని, వంపును కొలిచేది) కూడా ఉన్నాయి. ఎంఎఫ్ఎల్ గర్త్ వెల్డ్‌లో ఏం చూడగలదో, ఏం చూడలేదో ముందు చెప్పాలి. వెల్డ్ లోహపు అయస్కాంత గుణం పైపు లోహంలా ఉండదు. రూట్ బీడ్ (వెల్డ్ అడుగున, పైపు లోపలివైపు పడే మొదటి పొర) ఉబ్బు దగ్గర సెన్సర్ గోడ నుంచి ఎగిరిపడుతుంది. అందుకే వెల్డ్ లోపల లోతు కొలత నమ్మకంగా రాదు. వెడల్పుగా నోరు తెరుచుకున్న పెనెట్రేషన్ లోపమైతే (వెల్డ్ రూట్ దాకా నిండకపోవడం) కనిపిస్తుంది, అంచులు దగ్గరగా మూసుకున్న ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్ (వెల్డ్ పైపు లోహంతో కరిగి కలవకపోవడం), పగులు లాంటివి తప్పించుకుపోతాయి. రిపోర్ట్‌లో 'గర్త్ వెల్డ్ అనామలీ, 18 శాతం' అని ఉంటే దాని అర్థం 'ఇక్కడ ఏదో ఉంది' అని మాత్రమే. ఆ 18ని కొలతగా తీసుకోకూడదు.

ఈ రిపోర్ట్‌లో అన్నింటికంటే పైన ఉన్నది మెయిన్‌లైన్‌లోని ఒక వెల్డ్: 40 శాతం లోతు, 6 గంటల స్థానం (పైపును గడియారంలా చూస్తే అడుగు భాగం), తిన్నగా సాగే సమతల నేల. దాన్ని వెల్డ్-ఎం అంటాను. జాబితాలో చాలా కింద ఉన్నది ఒక టై-ఇన్ వెల్డ్ (అప్పటికే వేసిన రెండు లైన్ భాగాలను కలిపేది): 18 శాతం, 12 గంటల స్థానం, వాగు దాటడానికి లైన్ దిగే ఏటవాలు పై అంచున ఉంది. ఇది వెల్డ్-టి.

వెల్డ్-టి ఎందుకు పైకి వచ్చింది

రిపోర్ట్‌లోని లోతును పక్కనపెట్టి మూడు ప్రశ్నలు వేసుకున్నాం. అది ఎలాంటి వెల్డ్? అక్కడ నేల ఎలాంటిది? ఐఎంయూ ఏం చెబుతోంది?

టై-ఇన్ వెల్డ్‌లను నేనెప్పుడూ వేరే జాబితాగా చూస్తాను. మెయిన్‌లైన్‌లో పైపు లోపల లైన్-అప్ క్లాంప్ పెట్టి రెండు అంచులనూ సమంగా పట్టుకుంటారు. టై-ఇన్‌లో రెండు వైపులా లైన్ అప్పటికే వేసి ఉంటుంది. లోపలి క్లాంప్‌ను బయటికి తీసే దారి ఉండదు కాబట్టి బయటి క్లాంప్‌తో సరిపెట్టుకోవాలి. అంచులు పూర్తిగా కలవకపోతే సైడ్‌బూమ్‌తో (పైపును ఎత్తే క్రేన్ బండి) కొంచెం లాగి, కొంచెం ఎత్తి కలుపుతారు. దాంతో ఒకే చోట హై-లో (రెండు పైపుల అంచులు ఎత్తుపల్లంగా కలవడం), రూట్ లోపం, పైపులో ఇరుక్కుపోయిన బలం, మూడూ కలిసే అవకాశం ఉంటుంది. పైగా పగటి ఎండలో వేడెక్కిన పైపును కలిపితే, తర్వాత అది చల్లబడి కుంచించుకోవాలని చూస్తుంది. నేల కదలనివ్వదు, కాబట్టి అదీ లాగుడుగా మిగిలిపోతుంది.

ఐఎంయూ రిపోర్ట్ ఆ అంచు దగ్గర 0.09 శాతం బెండింగ్ స్ట్రెయిన్ (వంపు వల్ల లోహం సాగిన శాతం) చూపింది. పైపు పైకి ఉబ్బేలా వంగి ఉంది, కాబట్టి లాగుడు 12 గంటల వైపు, సరిగ్గా లోపం ఉన్న వైపే. 0.09 శాతం దానంతట అది భయపెట్టే అంకె కాదు. నేల వాలుకు తగ్గట్టు పైపును సాగే మేరకు వంచి వేసినా అంత స్ట్రెయిన్ వస్తుంది. అందుకే అంతకుముందు రన్ డేటా తెప్పించి రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాం. పాత రన్‌లో అదే చోట 0.04 శాతం ఉంది. నిర్మాణంలో వచ్చిన వంపైతే అది మారకూడదు. మారిందంటే నేల కదులుతోంది. ఐఎంయూ కొలతలో 0.02 శాతం అటూఇటూ ఉన్నా ఈ తేడా దానికి మించినదే. వాలు మీదకు వెళ్లి చూస్తే పై అంచుకు సమాంతరంగా నేలలో సన్నటి నెర్రెలు, కిందివైపుకు ఒరిగిన కంచె స్తంభాలు కనిపించాయి. మట్టి నెమ్మదిగా జారుతోంది. జారే వాలు పై అంచున పైపు సాగుతుంది, వాలు అడుగున నొక్కుకుపోతుంది. వెల్డ్-టి పై అంచున ఉంది.

పాత ఫిల్మ్

నిర్మాణ రికార్డుల్లోంచి రెండు వెల్డ్‌ల రేడియోగ్రఫీ ఫిల్మ్‌లూ తెప్పించాం. వెల్డ్-టి ఫిల్మ్‌ను వ్యూయర్ మీద పెట్టగానే రూట్ మధ్యలో తిన్నటి నల్లగీత కనిపించింది, పొడవు 22 మి.మీ. గీతకు ఒకవైపు ఫిల్మ్ కొంచెం తెల్లగా, ఇంకోవైపు కొంచెం నల్లగా ఉంది. మధ్యలో అంచు కత్తితో కోసినట్టు నిటారుగా ఉంది. రెండు పైపుల అంచులు ఎత్తుపల్లంగా కలిస్తే సాంద్రతలో వచ్చే మార్పు అది. ఏపీఐ 1104 ప్రకారం విడి పెనెట్రేషన్ లోపం 25 మి.మీ. పొడవు దాటకూడదు, 300 మి.మీ. వెల్డ్‌లో అలాంటివన్నీ కలిపినా అంతే. హై-లో 3 మి.మీ. దాటకూడదు. అప్పటి ఇన్‌స్పెక్టర్ ఈ వెల్డ్‌ను పాస్ చేయడంలో తప్పేమీ లేదు.

కానీ ఆ 25 మి.మీ. వెల్డర్ పనితనానికి గీసిన గీత. పైపు ఎప్పుడు విరుగుతుందో లెక్కకట్టి పెట్టిన హద్దు కాదు. ఫిల్మ్ లోతు చెప్పదు. మూసుకున్న కొనలను చూపదు. ఇంత పలుచటి గోడ మీద ఇరిడియం-192 గామా వాడితే ఎక్స్-రేతో వచ్చేంత కాంట్రాస్ట్ రాదు. 22 మి.మీ. నల్లగీత కనిపించిందంటే లోపం అంతకంటే పొడవుగా ఉండొచ్చనే చదువుకోవాలి.

ఈ లైన్ హైడ్రోటెస్ట్ (నీళ్లు నింపి ఎక్కువ ప్రెషర్‌తో చేసే పరీక్ష) పాసైంది కదా అని కొందరు అడిగారు. నిర్మాణంలో 115 బార్‌కు టెస్ట్ చేశారు. పూడ్చిన పైపు పొడవు దిశలో కదలలేదు కాబట్టి ప్రెషర్ వల్ల గర్త్ వెల్డ్ మీదకొచ్చే స్ట్రెస్ హూప్ స్ట్రెస్‌లో 0.3 వంతు. 115 బార్ దగ్గర అది సుమారు 110 ఎంపీఏ. ఈ వెల్డ్ ఇప్పుడు మోస్తున్నది దానికి రెండు రెట్లకు పైనే అని తర్వాత తేలింది. హైడ్రోటెస్ట్ పైపు పొడవునా సాగే సీమ్ వెల్డ్‌ను నిజంగా పరీక్షిస్తుంది, గర్త్ వెల్డ్‌ను అంతగా పరీక్షించదు. 2010 సెప్టెంబర్ 9న అమెరికాలోని శాన్ బ్రూనోలో 30 అంగుళాల గ్యాస్ లైన్ పేలి 8 మంది చనిపోయారు. అక్కడ విఫలమైంది లోపలి వైపు వెల్డ్ పడని సీమ్. తగిన హైడ్రోటెస్ట్ జరిగి ఉంటే ఆ లోపం ముందే బయటపడి ఉండేదని దర్యాప్తు అభిప్రాయపడింది. సీమ్ విషయంలో ఆ మాట సరైనదే. దాన్ని గర్త్ వెల్డ్‌కు అంటించి ధీమా తెచ్చుకోకూడదు.

తవ్వకం

తవ్వే ముందు ప్రెషర్‌ను ఇటీవలి గరిష్ఠంలో 80 శాతానికి దించడం మామూలు జాగ్రత్త. దించాం కూడా. కానీ దాంతో ఈ వెల్డ్‌కు ఎంత ఉపశమనమో లెక్కేసి సిబ్బందికి ముందే చెప్పాం. వెల్డ్-టి మీద పొడవు దిశ స్ట్రెస్‌ను ఇలా కూడాం: ప్రెషర్ వల్ల 88 ఎంపీఏ, కలిపిన రోజుకూ నడిచే రోజుకూ 15 డిగ్రీల తేడా వల్ల 36, బెండింగ్ వల్ల 186. మొత్తం 310. ప్రెషర్‌ను 20 శాతం దించితే ఇందులో తగ్గేది దాదాపు 18 ఎంపీఏ. తుప్పు గుంట దగ్గర ఇదే జాగ్రత్త హూప్ స్ట్రెస్‌లో అయిదో వంతు తీసేస్తుంది. ఇక్కడ పదహారో వంతు కూడా తీయదు. కాబట్టి ప్రెషర్ తగ్గించాం కదా అని గుంటలోకి ధైర్యంగా దిగే పరిస్థితి కాదు.

అందుకే తవ్వకం పద్ధతిని మార్చాం. తీసిన మట్టిని వాలు పైభాగంలో పోయనివ్వలేదు. అక్కడ బరువు పెరిగితే జారుడు పెరుగుతుంది. ఒకేసారి పొడవుగా తవ్వకుండా ముందు వెల్డ్‌కు దూరంగా చిన్న కిటికీ తెరిచి, పైపు మీద కోటింగ్ తీసి 12, 3, 6, 9 గంటల స్థానాల్లో స్ట్రెయిన్ గేజ్‌లు అతికించాం. ఆ తర్వాతే వెల్డ్ వైపు తవ్వుకుంటూ వచ్చాం. ప్రతి మెట్టుకూ గేజ్ రీడింగ్ చూసి, మారకపోతేనే ముందుకు వెళ్లాం. వెల్డ్-ఎం దగ్గర ఇవేవీ అవసరం పడలేదు, మామూలుగానే తవ్వాం.

కొలత

రెండు వెల్డ్‌ల మీదా ముందు ఉపరితల పగుళ్లను చూపే మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష చేశాం. తెల్లటి కాంట్రాస్ట్ పెయింట్ మీద నల్ల ఇంకు. క్యాప్ (వెల్డ్ పై పొర) అంచుల్లో పగుళ్లేమీ లేవు. సెల్యులోజిక్ ఎలక్ట్రోడ్ హైడ్రోజన్‌ను వెల్డ్‌లోకి బాగా ఎక్కిస్తుంది కాబట్టి ఈ తరం లైన్లలో ఆ పరీక్షను నేను వదలను.

తర్వాత రెండు అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాల) పరీక్షలు, ఫేజ్డ్ అరే, టాఫ్డ్. ఇక్కడ ఒక చిక్కుంది. హై-లో ఉన్న రూట్ తన ఆకారం వల్లే ఒక ప్రతిధ్వని ఇస్తుంది. పెనెట్రేషన్ లోపం కూడా అదే లోతు నుంచి ప్రతిధ్వని ఇస్తుంది. ఒకవైపు నుంచి మాత్రమే స్కాన్ చేస్తే రెండింటినీ విడదీయడం కష్టం. రెండు వైపుల నుంచీ స్కాన్ చేసి, రెండు ప్రతిధ్వనులూ వెల్డ్ మధ్యరేఖకు ఎంత దూరంలో పడుతున్నాయో గీసి చూశాం. ఎత్తుగా ఉన్న పైపు అంచు ప్రతిధ్వని ఒకవైపు నుంచి బలంగా, ఇంకోవైపు నుంచి బలహీనంగా వచ్చింది. లోపం ప్రతిధ్వని రెండు వైపుల నుంచీ వచ్చింది. దాని పై కొన నుంచి టాఫ్డ్‌లో డిఫ్రాక్షన్ సంకేతం స్పష్టంగా దొరికింది. లోతును దాని ఆధారంగానే తీసుకున్నాం. ప్రతిధ్వని ఎత్తు చూసి లోతు చెప్పే పద్ధతిని ఇలాంటి రూట్‌లో నమ్మను.

వెల్డ్-టి: లోతు 2.9 మి.మీ., పొడవు 64 మి.మీ., అక్కడే హై-లో 1.6 మి.మీ. ఫిల్మ్‌లో 22గా కనిపించినది నిజానికి 64. వెల్డ్-ఎం: లోతు 4.1 మి.మీ., పొడవు 38 మి.మీ., హై-లో చెప్పుకోదగ్గంత లేదు. రెండింటికీ లోతు కొలతలో 1 మి.మీ. పొరపాటును లెక్కలోకి తీసుకున్నాం.

టఫ్‌నెస్

లోపం సైజు దొరికింది, స్ట్రెస్ దొరికింది. మూడోది టఫ్‌నెస్, పగులు సాగకుండా లోహం తట్టుకునే శక్తి. రికార్డుల్లో లేదు కాబట్టి ముందు చార్పీ 27 జౌల్స్ అనుకుని లెక్కేశాం. లోహ లోపాలను అంచనా వేసే బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7910లో ఉన్న దిగువ హద్దు సూత్రం ప్రకారం ఈ మందానికి అది సుమారు 74 ఎంపీఏ రూట్ మీటర్ అవుతుంది. ఆ ఊహతో వెల్డ్-టి కూడా ఫెయిల్, వెల్డ్-ఎం కూడా ఫెయిల్. అంతేకాదు, ఆ ఊహను పట్టుకుంటే జాబితాలో సగం వెల్డ్‌లను కోయాలి. రెండు వెల్డ్‌లకూ ఒకే జవాబు ఇచ్చే లెక్క నిర్ణయానికి పనికిరాదు.

ఇదే లైన్‌లో అంతకుముందు ఒక చోట దారి మళ్లించినప్పుడు కోసి తీసిన వెల్డ్ రింగులు స్టోర్‌లో ఉన్నాయి. అవి ఇదే నిర్మాణ భాగంలో, ఇదే వెల్డింగ్ ప్రొసీజర్‌తో చేసినవి. వాటిలోంచి సీటీఓడీ (పగులు కొన ఎంత తెరుచుకునేదాకా లోహం తట్టుకుంటుందో కొలిచే పరీక్ష) నమూనాలు కోయించాం. మూడింటికి వెల్డ్ మధ్యలో నాచ్, మూడింటికి హీట్ అఫెక్టెడ్ జోన్‌లో (వెల్డ్ వేడికి గుణం మారిన పక్క లోహం) నాచ్. లైన్ చూడగల కనిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర పరీక్ష. సగటు తీసుకోలేదు. వచ్చినవాటిలో అన్నింటికంటే తక్కువది 0.10 మి.మీ., దాన్నే వాడాం. అది 128 ఎంపీఏ రూట్ మీటర్‌కు సమానం. పాత లైన్లలో ఎక్కడ కోత పడినా ఆ వెల్డ్ రింగ్‌ను తుక్కుకు పంపకుండా, నంబర్ రాసి దాచిపెట్టమని నేను ప్రతిచోటా అడుగుతాను. ఈ అంచనా మొత్తం నిలబడింది ఆ రింగుల మీదే.

లెక్క

బీఎస్ 7910 ఫెయిల్యూర్ అసెస్‌మెంట్ డయాగ్రమ్‌లో నిలువు అక్షం కేఆర్, లోపం పగులులా తెరుచుకునే ముప్పు. అడ్డ అక్షం ఎల్ఆర్, మిగిలిన లోహం సాగి కూలిపోయే ముప్పు. మధ్యలో వంపు గీత. బిందువు గీత లోపల పడితే లోపాన్ని ఉంచొచ్చు, బయట పడితే ఉంచకూడదు. వెల్డ్ తర్వాత వేడి చికిత్స లేదు కాబట్టి మిగిలిపోయిన వెల్డింగ్ స్ట్రెస్‌ను ఈల్డ్ అంతా, అంటే 450 ఎంపీఏ, తీసుకున్నాం.

వెల్డ్-ఎం దగ్గర ఐఎంయూ వంపేమీ చూపలేదు. అయినా పరికరం పొరపాటు 0.02 శాతం ఉందనుకుని 41 ఎంపీఏ కలిపాం. ఉష్ణోగ్రతకు కూడా అదే 36 ఇచ్చాం. మొత్తం 165 ఎంపీఏ. కేఆర్ సుమారు 0.71, ఎల్ఆర్ 0.38. ఆ ఎల్ఆర్ దగ్గర గీత 0.96 ఎత్తులో ఉంది. లోతును 5.1 మి.మీ.కి పెంచి మళ్లీ వేస్తే కేఆర్ 0.82 దగ్గరికి వచ్చింది. గోడలో సగానికి పైగా లోపం ఉందనుకున్నా ఇంకా లోపలే ఉంది.

వెల్డ్-టి లెక్కలో హై-లో అసలు రూపం బయటపడింది. అంచులు ఎత్తుపల్లంగా కలిసిన చోట లాగుడు నేరుగా వెళ్లలేక పక్కకు తిరుగుతుంది, దాంతో గోడ మందం మీద స్థానికంగా వంపు పుడుతుంది. 1.6 మి.మీ. హై-లో, 9.53 మి.మీ. గోడకు స్ట్రెస్ 1.44 రెట్లవుతుంది. అంటే 310కి తోడు మరో 137 ఎంపీఏ బెండింగ్ రూట్ మీద పడుతుంది. 3 మి.మీ. హద్దులో సగమే ఉన్న హై-లో ఇంత చేస్తుంది. దాంతో కేఆర్ 0.85, ఎల్ఆర్ 0.72. అక్కడ గీత ఎత్తు కూడా 0.85. రెండు రకాల స్ట్రెస్‌లు (లాగుడు, మిగిలిపోయిన వెల్డింగ్ స్ట్రెస్) కలిసినప్పుడు చేర్చాల్సిన చిన్న సవరణ చేరిస్తే బిందువు గీత దాటుతుంది. హై-లో లేదనుకుని వేస్తే కేఆర్ 0.76, లోపలే ఉంటుంది.

ఇక్కడ సమీక్షలో ఒక అభ్యంతరం వచ్చింది, సరైన అభ్యంతరమే. లాగుడు ఎక్కువగా ఉన్నప్పుడు మిగిలిపోయిన వెల్డింగ్ స్ట్రెస్ కొంత సడలుతుంది, బీఎస్ 7910 దానికి అనుమతిస్తుంది, మీరెందుకు తీసుకోలేదని అడిగారు. తీసుకుని చూపించాం. కొలిచిన సైజుకు వెల్డ్-టి లోపలికి వస్తుంది. కానీ లోతుకు 1 మి.మీ., స్ట్రెయిన్‌కు 0.02 శాతం కలిపితే, సడలింపు ఇచ్చినా కేఆర్ 0.91, గీత 0.79 దగ్గర. బాగా బయట. వెల్డ్-ఎం ఇవే పొరపాట్లను తట్టుకుంది, వెల్డ్-టి తట్టుకోలేదు. పైగా వెల్డ్-టి స్ట్రెయిన్ రెండు రన్‌ల మధ్య పెరిగింది, నేల ఆగిపోయిందని చెప్పే ఆధారం లేదు. ఈ రోజు అంకె మీద పాస్ చేస్తే రేపటి అంకెకు ఎవరు పూచీ?

ఏ రిపేర్

టైప్-ఎ స్లీవ్ (పైపు చుట్టూ వేసే ఉక్కు తొడుగు) అంచులకు వెల్డ్ ఉండదు కాబట్టి పొడవు దిశ లాగుడును మోయదు, చుట్టూ తిరిగే లోపానికి ఉపయోగం లేదు. కాంపోజిట్ చుట్టు హూప్ కోసం తయారైనది. టైప్-బి స్లీవ్ అంచులను పైపుకు ఫిల్లెట్ వెల్డ్ చేస్తారు, లాగుడు మోయగలదు. కానీ గ్యాస్ నడుస్తున్న పైపు మీద ఆ ఫిల్లెట్ వేగంగా చల్లబడుతుంది, హైడ్రోజన్ పగులుకు అది అనువైన చోటు. అసలు సమస్య జారే నేల. స్లీవ్ వేస్తే లాగుడంతా పక్కకు జరిగి స్లీవ్ చివరి ఫిల్లెట్ అంచున కూర్చుంటుంది. అందుకే కోసి తీయాలని నిర్ణయించాం.

లైన్ ఐసొలేట్ చేసి గ్యాస్ ఖాళీ చేశాక, కోతకు ముందు గేజ్‌లను సున్నాకు పెట్టాం. ఈ కేసులో నాకు అన్నింటికంటే విలువైన సమాచారం ఆ కోతలోంచే వచ్చింది. పైపు తెగగానే 12 గంటల గేజ్ 0.13 శాతం సడలింది. 6 గంటల గేజ్ ఎదురు దిశలో 0.05 శాతం. రెండింటి తేడాలో సగం తీస్తే బెండింగ్ 0.09 శాతం, ఐఎంయూ చెప్పినంతే. రెండింటినీ గుర్తులతో కలిపి సగం చేస్తే 0.04 శాతం, అంటే పైపు అడ్డకోత మొత్తం మీద సమంగా ఉన్న లాగుడు. ఉష్ణోగ్రతకు మేం ఇచ్చింది 0.017 శాతమే. మిగిలిన 0.023 శాతం, దాదాపు 48 ఎంపీఏ, జారుతున్న మట్టి పైపును పొడవునా ఈడ్చిన బలం. ఐఎంయూ పైపు వంపును చూస్తుంది. తిన్నగా సాగిన పైపు దానికి తిన్నగానే కనిపిస్తుంది. కాబట్టి వెల్డ్-టి నిజంగా మోస్తున్నది 310 కాదు, 360కి దగ్గర. కోయాలన్న నిర్ణయానికి ఇంకో ఆధారం అవసరం లేకుండా పోయింది.

తీసిన వెల్డ్‌ను ల్యాబ్‌లో ముక్కలుగా కోయించి మాక్రో (అడ్డకోత ఫోటో) తీయించాం. లోపం అత్యధిక లోతు 3.3 మి.మీ., మా కొలత 2.9. కొన దగ్గర ఫెటీగ్ చారలు లేవు, చిరుగు లేదు. రూట్ పాస్ వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఇన్నేళ్లలో మారింది నేల మాత్రమే.

కొత్త ముక్క వేసేటప్పుడు ముందు వాలు మీదా కిందా పైపు చుట్టూ మట్టి తీసి బలం విడిపోనిచ్చాం. ఆ తర్వాతే అంచులు కలిపాం. గోడ లోపలి అంచును మషిన్ చేసి హై-లోను 0.8 మి.మీ. లోపల ఉంచాం. రూట్ తర్వాతి పాస్‌లన్నీ లో-హైడ్రోజన్‌తో వేయించాం. కలిపే పనిని తెల్లవారుజామున పెట్టుకున్నాం, పైపు నడిచే ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండే సమయం అది. రేడియోగ్రఫీ, ఫేజ్డ్ అరే రెండూ నూటికి నూరు శాతం. కొత్త ప్రొసీజర్‌కు చార్పీ, సీటీఓడీ రెండూ చేయించి రికార్డులో పెట్టాం.

వెల్డ్-ఎం మీద కొత్త కోటింగ్ వేసి పూడ్చేశాం. దానికి ఒక షరతు రాశాం: తర్వాతి ఏ ఐఎంయూ రన్‌లోనైనా అక్కడ స్ట్రెయిన్ 0.05 శాతం దాటితే మళ్లీ లెక్క వేయాలి. 4.1 మి.మీ., అంటే 43 శాతం లోతు లోపాన్ని తెలిసి వదిలేయడం నిర్వాహకులకు సులభంగా మింగుడు పడలేదు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాన్ని కోస్తే సమతల నేలలో, బాగున్న లైన్‌లో, ఇంకో రెండు టై-ఇన్ వెల్డ్‌లు కొత్తగా పుడతాయి. తీసిన దానికంటే పెట్టినవే ఎక్కువ ముప్పు కావొచ్చని చెప్పాం, ఒప్పుకున్నారు.

వాలు మీద నీరు పక్కకు పోయేలా కాలువలు తీయించారు. పైపు చుట్టూ వదులైన ఇసుక నింపించాం, మట్టి జారినా పైపును అంతగా ఈడ్చకుండా. పై అంచునా అడుగునా పైపు చుట్టూ 120 డిగ్రీలకొకటి చొప్పున వైబ్రేటింగ్ వైర్ గేజ్‌లు శాశ్వతంగా అమర్చాం. ఇవి బెండింగ్‌నూ సమ లాగుడునూ విడివిడిగా చెబుతాయి. మిగిలిన గర్త్ వెల్డ్ జాబితాను మొదటినుంచీ మళ్లీ పేర్చాం. మొదటి వరుసలో ఐఎంయూ స్ట్రెయిన్ మారిన చోట్లు, రెండో వరుసలో వాలుల మీద, వాగుల దగ్గర ఉన్న టై-ఇన్‌లు, ఆ తర్వాతే ఎంఎఫ్ఎల్ చెప్పిన లోతు. కొత్త జాబితాలో పైన వచ్చిన వెల్డ్‌ల పాత ఫిల్మ్‌లను ఇప్పుడు ఒక్కొక్కటిగా చదువుతున్నాం. తవ్వకాల వరుస వాటిని బట్టే ఖరారవుతుంది.